చిన్న సర్క్యులర్ సా వెనక్కి తన్నకుండా ఎలా వాడాలి?

అరల కోసం 12 మి.మీ. ప్లైవుడ్ ఇంట్లోనే కోసుకోవాలని రాణిగంజ్‌లో చిన్న సర్క్యులర్ సా (గుండ్రటి బ్లేడ్ తిరిగే కరెంటు రంపం) కొన్నానని, ఆన్ చేయాలంటేనే టెన్షన్‌గా ఉందని అడిగారు. ఆ భయం అవసరమైనదే.

అసలు ప్రమాదం మిషన్ వెనక్కి తన్నడం. కోత మూసుకుపోయి బ్లేడ్‌ను బిగించేస్తే, తిరుగుతున్న బ్లేడ్ మిషన్ మొత్తాన్ని మీ మీదికి ఎగరేస్తుంది. షీటును రెండు కుర్చీల మీద పెట్టి నడిమికి కోస్తే జరిగేది ఇదే: కోసేకొద్దీ మధ్యలో కుంగి బ్లేడ్‌ను పట్టేస్తుంది. నేల మీద మందపాటి థర్మోకోల్ పరిచి, దానిపై షీటు పెట్టి కోయండి. రెండు ముక్కలూ కదలవు. బ్లేడ్ లోతు చెక్క మందం కన్నా 3 నుంచి 5 మి.మీ. ఎక్కువ ఉంటే చాలు, అంటే మీకు 15–17 మి.మీ. మిషన్‌కు నేరుగా వెనక కాకుండా కాస్త పక్కకు ఉండండి. ఇరుక్కుంటే స్విచ్ వదిలి, బ్లేడ్ పూర్తిగా ఆగాకే బయటికి తీయండి.

మన దగ్గర చాలామంది వడ్రంగులు మార్బుల్ కట్టర్‌కే చెక్క బ్లేడ్ బిగిస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. దానికి బ్లేడ్‌ను కప్పుతూ తనంతట తాను మూసుకునే కింది గార్డ్ ఉండదు. వేగమూ చాలా ఎక్కువ, చెక్క బ్లేడ్లన్నీ దాన్ని తట్టుకోవు. మీ సా గార్డ్‌ను కూడా ఎప్పుడూ తాడుతో కట్టేయొద్దు.

కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు. బ్లేడ్ మార్చేముందు స్విచ్ ఆపితే సరిపోదు, ప్లగ్ పీకేయాలి.