ఏమీ లేదన్న కార్తహేనాలో ఒక రోజు

ఏమీ ఆశించకుండా వెళితే మనసు దోచుకున్న ఊరు ఏది అని అడిగారు కదా. నా జవాబు కార్తహేనా. కొలంబియాలోది కాదు, స్పెయిన్‌లో మధ్యధరా తీరాన ఉన్న పాత కార్తహేనా.

ఆఫీసు పని మీద దగ్గర్లోని ముర్సియా నగరంలో ఉండగా ఒక శనివారం ఖాళీ దొరికింది. "అది నేవీ ఊరు, పక్కన రిఫైనరీ, చూడ్డానికేముంది, అలికాంటే నగరానికి వెళ్లు" అన్నారు అక్కడివాళ్లు. దగ్గర కదా అని కార్తహేనా బస్సే ఎక్కాను. దిగి నడుస్తుంటే వాళ్లన్నదే నిజమనిపించింది. ఖాళీ స్థలాలు, ముందు గోడ మాత్రం మిగిలి ఇనుప ఊతలతో నిలబెట్టిన పాత ఇళ్లు.

మున్సిపల్ ఆఫీసు ఎదుట ఉన్న రోమన్ థియేటర్ మ్యూజియంలోకి వెళ్లాక అంతా మారిపోయింది. బయటినుంచి చూస్తే అదొక మామూలు భవనం. లోపల గదులు దాటి, వీధి కిందుగా నడిచి, ఎస్కలేటర్ ఎక్కి, పాత చర్చి కింద సొరంగంలోంచి వెళతాం. సొరంగం అవతల అడుగు పెట్టగానే ఎండలో సుమారు 6 వేల మంది పట్టే థియేటర్! మనం నేరుగా పై మెట్ల మీదికి తేలతాం. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

క్రీ.పూ. 1వ శతాబ్దం చివర్లో, అగస్టస్ చక్రవర్తి కాలంలో కట్టిన థియేటర్ అది. తర్వాత దాని రాళ్లతోనే అక్కడ మార్కెట్ కట్టుకున్నారు. దాని మీద బైజాంటైన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు ఇళ్లు, ఆపైన ముస్లింల కాలపు ఇళ్లు, చర్చి, మళ్లీ ఇళ్లు. 1988లో వేరే భవనం కోసం తవ్వితేగానీ కింద ఇంత పెద్ద కట్టడం ఉందని బయటపడలేదు. స్పెయిన్ ఆర్కిటెక్ట్ రాఫాయెల్ మోనెయో రూపకల్పన చేసిన మ్యూజియం 2008లో తెరిచారు. చర్చిని పడగొట్టకుండా దాని కిందుగా దారి తీయడం నాకు ఎంతో నచ్చింది. ఏ కాలాన్నీ చెరిపేయలేదు.

ఊరి కథ ఇంకా వెనక్కి వెళుతుంది. క్రీ.పూ. 227 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ వాళ్లు స్థాపించారు. రోమ్ మీద యుద్ధానికి కార్తేజ్ సేనాని హానిబాల్ బయల్దేరింది ఇక్కడినుంచే. క్రీ.పూ. 209లో రోమన్ సేనాని స్కిపియో దీన్ని పట్టుకున్నాడు. చుట్టుపక్కల వెండి గనుల్లో 40 వేల మంది పనిచేసేవారని గ్రీకు చరిత్రకారుడు పోలీబియస్ రాశాడు. అంత డబ్బున్న ఊరు కాబట్టే అంత థియేటర్.

నేవల్ మ్యూజియంలో స్పెయిన్ నేవీ అధికారి ఇసాక్ పెరాల్ రూపొందించిన 1888 నాటి జలాంతర్గామి ఉంది, బ్యాటరీలతో నడిచింది. కాసేపు చూస్తే చాలు. భోజనానికి మాత్రం కాల్దెరో అనే ఇక్కడి అన్నం వంటకం అడగండి. చేపలు, ఎండు మిరపకాయలు ఉడికిన నీళ్లలోనే అన్నం వండుతారు, చేప ముక్కలు విడిగా పెడతారు. మన చేపల పులుసు అన్నంలా పుల్లగా ఉండదు కానీ తెలుగు నాలుకకు బాగా పడుతుంది.

సోమవారం థియేటర్ మ్యూజియం మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోకండి. వెళ్తే కన్సెప్సియోన్ కోట గుట్ట కూడా ఎక్కండి. థియేటర్, చర్చి, రేవు మూడూ ఒకే చూపులో కనిపిస్తాయి.