కొండగొర్రె, బొంతకాకి: నల్లమలలో ఏది తెలివైనది?

"నల్లమలలో తిరిగే కొండగొర్రె, బొంతకాకి... ఈ రెండిట్లో ఏది తెలివైనది?" అని అడిగారు. నా ఓటు కొండగొర్రెకే. పేరుకే గొర్రె, నిజానికి నాలుగు కొమ్ముల చిన్న అడవి జంతువు. కాకికి అభిమానులు ఇప్పటికే ఎక్కువ.

మాది ఆత్మకూరు వైపు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. ఒక ఏడాది రద్దీ మొదలవకముందే మామయ్యతో బయల్దేరాను. నాగలూటి దాటాక చెట్టు కింద సంచి దించామో లేదో, బొంతకాకి వాలింది. ఊరకాకికి ఉండే బూడిదరంగు మెడ దీనికి లేదు, నిలువెల్లా నలుపే, ముక్కు లావు. ముడేసిన కవరును కాలితో తొక్కిపట్టి, ముక్కుతో చింపి పులిహోర లాగింది. మామయ్య కర్ర ఎత్తితే రెండు గెంతులు వెనక్కేసి మళ్లీ వచ్చింది. ఇంత గోలలోనూ నాలుగడుగుల అవతల ఎండుగడ్డిలో మగ కొండగొర్రె ఒకటి కదలకుండా నిలబడే ఉంది! చెవి ఆడించాకే మాకు తెలిసింది. కొమ్ములు నాలుగూ కనబడ్డాయి, ముందు జత బొటనవేలంతే. మేం చూశామని పసిగట్టగానే ఒక్క దూకుతో పొదల్లో మాయం.

ఇరవై కిలోల ప్రాణి. చుక్కల దుప్పికి మంద కాపలా ఉంటుంది. దీనికి అదీ లేదు, ఒంటరిగానో జంటగానో తిరుగుతుంది. చిరుతలు, రేచుకుక్కలు ఉన్న అడవిలో అలా బతకాలంటే ఎంత బుర్ర ఉండాలి? కాకిదేముంది, పులి వేటాడితే వెళ్లి వాలుతుంది. అంత తెలివైనదే అయితే కోకిల గుడ్లను తన గూట్లో ఎందుకు పొదుగుతున్నట్టు?

కొండగొర్రెను చూసి "జింక పిల్ల" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. దుప్పి కొమ్ములు ఏటా రాలిపోతాయి, దీనివి రాలవు. నాలుగు కొమ్ముల అడవి జంతువు ప్రపంచంలో ఇదొక్కటే, అదీ ఇండియా, నేపాల్‌లలోనే. వన్యప్రాణుల రక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉంది. కానీ బోర్డుల మీద ఎప్పుడూ పులి బొమ్మే.

ఇంకో మాట. అన్నదానం విస్తళ్లు, నీళ్ల ప్యాకెట్లు దారి పొడవునా పారేసి, కాకులు పెరిగిపోయాయని మళ్లీ మనమే అంటాం. ఈసారి నడిచి వెళ్లేవాళ్లు పులిహోర స్టీలు డబ్బాలో పెట్టుకోండి, మూత బిగుతుగా ఉండేది చూసుకోండి.