మైనస్ పక్కన కామా

ప్రశ్న: మాది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు. నాన్న కోసం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లుల ప్రోగ్రామ్ రాస్తున్నాను. లక్షలు, కోట్ల లెక్కన కామాలు పెట్టే చిన్న ప్యాకేజీని విడిగా చేసి, హాస్కెల్ ప్యాకేజీలు కట్టే కాబల్ అనే సాధనంలోని ‘కాబల్ ఇన్‌స్టాల్ --లిబ్’ ఆదేశంతో ఎక్కించాను. వాపసు వచ్చిన సరుకు బిల్లులో ‘-12,345’ బదులు ‘-,12,345’ అని పడింది. కోడ్ సరిచేసినా, హాస్కెల్ కోడ్‌ని అక్కడికక్కడే నడిపి చూసే జీహెచ్‌సీఐలో పాతదే వస్తోంది. కామాలు తీసేస్తే అసలు సంఖ్య రావాలని క్విక్‌చెక్ (తనే సంఖ్యలు పుట్టించి వందసార్లు పరీక్షించే లైబ్రరీ) పరీక్ష కూడా రాశాను. తప్పు కోడ్‌కే వందకి వందా పాస్ అంది! — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాత కోడ్ సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అందులో నేనూ ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. మలక్‌పేటలో మా ఇంట్లో కూర్చుని పొద్దుటి నుంచి మూడింటి దాకా కోడ్ మారుస్తూనే ఉన్నాను. చివరికి విసుగొచ్చి ఫంక్షన్‌ని కావాలనే తప్పుగా రాశాను. అయినా అదే జవాబు! అప్పుడు వెలిగింది, నేను దిద్దుతున్నది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి అని.

మీరు కొట్టిన ఆ ఇన్‌స్టాల్ ఆదేశం మీ ఫోల్డర్‌ని వాడదు. దాని నకలు తీసి, కట్టి (బిల్డ్ చేసి), కాబల్ తన ప్యాకేజీలు దాచుకునే స్టోర్‌లో పెట్టి, హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీకి ఏ ప్యాకేజీలు వాడాలో చెప్పే ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో ఒక వరుస రాస్తుంది. జీహెచ్‌సీఐ తెరిచినప్పుడల్లా ఆ నకలే పలుకుతుంది. ‘డిఫాల్ట్’ అనే ఆ ఎన్విరాన్‌మెంట్ ఫైల్లో మీ ప్యాకేజీ పేరున్న వరుస తీసేయండి. ఇకపై ప్యాకేజీ ఫోల్డర్‌లోనే ‘కాబల్ రెప్ల్’ తెరవండి, అది మీ కోడ్‌తోనే జీహెచ్‌సీఐ తెరుస్తుంది. మార్చినప్పుడల్లా మళ్లీ లోడ్ చేయమని ‘:ఆర్’ కొట్టండి. బిల్లుల ప్రోగ్రామ్‌కీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు. రెండు ఫోల్డర్ల పైన ‘కాబల్.ప్రాజెక్ట్’ ఫైలు పెట్టి, ‘ప్యాకేజెస్:’ ఎదురుగా రెండింటి పేర్లూ రాస్తే చాలు. కామాల కోడ్ ముట్టుకుంటే బిల్లు కూడా మళ్లీ కట్టుకుంటుంది.

ఇక వందకి వంద. మీరు మైనస్‌ను కూడా అంకెల్లో కలిపి లెక్కపెట్టారు. వెనక నుంచి 345, తర్వాత 12, మిగిలింది ఒంటరి మైనస్. దానికీ ఒక కామా. అదే -1,23,456 అయితే మైనస్ 1ని అంటుకుని బయటపడిపోతుంది. అందుకే ఇన్నాళ్లూ మీ కంట పడి ఉండదు. మీ పరీక్షేమో కామాలు తీసేసి చూస్తుంది. ‘-,12,345’లో కామాలు తీసేసినా సంఖ్య సరిగ్గానే వస్తుంది కదా! ప్రతి కామాకీ అటూ ఇటూ అంకె ఉండాలని ఇంకో పరీక్ష రాయండి.

అదీ పాస్ అవుతుంది, కంగారుపడకండి. క్విక్‌చెక్ మామూలుగా ‘ఇంట్’కి (పూర్ణ సంఖ్యల రకానికి) ఇచ్చే సంఖ్యలు చిన్నవి, వంద పరీక్షల్లో -99, 99 మధ్యే తిరుగుతాయి. వాటిలో కామా పడే సంఖ్యే లేదు. హద్దులు మనమే చెప్పే ‘చూజ్’ ఫంక్షన్‌తో మైనస్ కోటి నుంచి కోటి దాకా పుట్టించండి. అప్పుడు తప్పు దొరుకుతుంది.

దొరికినా, ప్యాకేజీ పరీక్షలు నడిపే ‘కాబల్ టెస్ట్’ ఆదేశం పాస్ అనే అనవచ్చు! పరీక్ష ప్రోగ్రామ్ ‘మెయిన్’లో ఉత్త ‘క్విక్‌చెక్’ పిలిస్తే అది తప్పిందని అచ్చువేసి ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ సున్నా కోడ్‌తో, అంటే అంతా బాగుందనే సంకేతంతో, ముగుస్తుంది. కాబల్ చూసేది ఆ కోడ్‌నే. ‘క్విక్‌చెక్‌రిజల్ట్’ వాడి, విజయం కాకపోతే ‘ఎగ్జిట్‌ఫెయిల్యూర్’ పిలవండి. నేనైతే దిద్దిన కోడ్‌ని ఒకసారి మళ్లీ చెడగొట్టి, ఎర్రగా పడిందని చూశాకే టీకి లేస్తాను.

ప్రశ్న: నా హాస్కెల్ ప్యాకేజీని టార్ ఫైలుగా మూటకట్టి మా బావకి పంపాను. నా దగ్గర నడిచిన పరీక్షలు అక్కడ నమూనా ఫైలు దొరకలేదంటున్నాయి. — ఇంకో పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ టార్ ఫైలు తయారుచేసే ‘కాబల్ ఎస్‌డిస్ట్’ ఆదేశం మీ ఫోల్డరంతా మూటకట్టదు. హాస్కెల్ మాడ్యూళ్లు (కోడ్ ఫైళ్లు) కాని ఫైళ్లను, ప్యాకేజీ వివరాలుండే .కాబల్ ఫైల్లో ‘ఎక్స్‌ట్రా-సోర్స్-ఫైల్స్’ కింద పేరుపెట్టి చెప్పాలి. ఈసారి పంపేముందు ఆ మూటని మీరే వేరే చోట విప్పి, అక్కడ ‘కాబల్ టెస్ట్’ కొట్టి చూడండి. బావగారి దగ్గర మాట దక్కుతుంది.