గోడ లేని ఈత

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. రెండేళ్లుగా ఈతకొలనుకు వెళ్తున్నాను, ఆదివారాలు సైకిల్ తొక్కుతున్నాను. గోవాలో సగం దూరపు ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీ) చేయాలని ఉంది. సైకిల్, పరుగు ఎలాగో గట్టెక్కుతాను. సముద్రం తలుచుకుంటేనే కాళ్లు వణుకుతున్నాయి. ఇంట్లోవాళ్లు ‘ఈ వయసులో ఎందుకు’ అంటున్నారు. మీరేమంటారు?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, విజయవాడలో మా ఇంట్లోనూ అదే మాట అన్నారు. అప్పటికి నాకు 47. కాబట్టి వయసు సంగతి నన్ను అడగకండి. గుండె పరీక్ష మాత్రం చేయించుకోండి.

ఇక సముద్రం. ఈదాల్సింది 1.9 కిలోమీటర్లు. 25 మీటర్ల కొలనులో అయితే 76 సార్లు. దూరం మీకు కొత్త కాదు. కానీ కొలనులో ప్రతి 25 మీటర్లకూ గోడ ఉంటుంది. కాలితో తన్ని నాలుగు మీటర్లు ఉచితంగా జారిపోతాం, ఊపిరి సర్దుకుంటాం. అడుగున నల్లగీత దారి చూపిస్తుంది. నేను పోటీ చేసిన గోవా మిరమార్ తీరంలో గోడా లేదు, గీతా లేదు. నీళ్లలో ముఖం పెడితే పలచని టీ రంగు, అందులో మోచేతి దాకా నా చెయ్యి, అంతే. బుద్ధిగా తల దించుకుని ఈదాను. తీరా తల ఎత్తితే దారి చూపేందుకు నీటిపై తేలే నారింజ రంగు బోయా కుడివైపు ఎక్కడో ఉంది. ఒడ్డుకు చేరేసరికి చేతి గడియారం 2.2 కిలోమీటర్లు చూపించింది.

అందుకే ముందు మొసలి చూపు నేర్చుకోండి. ఆరేడు చేతులు వేశాక కళ్లు మాత్రమే నీటిపైకి వచ్చేలా తల ఎత్తి, గుర్తు చూసుకుని, అప్పుడు పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవాలి. తల పూర్తిగా ఎత్తితే నడుము మునుగుతుంది. కొలను ఖాళీగా ఉన్నప్పుడు కళ్లు మూసుకుని పది చేతులు వేయండి, ఎటు వంకర పోతున్నారో తెలుస్తుంది. నేను ఎడమకు పోతాను.

తర్వాత బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం. ఒంటరిగా వద్దు, అక్కడ మునిగిపోయినవాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. సముద్రంలో ఈదిన అలవాటున్నవారితో, నడుముకు తేలే బుడగ కట్టుకుని, కాళ్లు అందే లోతులో ఒడ్డు వెంబడే ఈదండి. ఉప్పునీరు ఒంటిని పైకి లేపుతుంది, అది కొలను ఇవ్వని వరం. చలిదేశాలవాళ్లు తొడుక్కునే రబ్బరు సూటు కొనకండి. నీరు బాగా వెచ్చగా ఉంటే నిబంధనలు ఒప్పుకోవు. ఈతకు గంటా పది నిమిషాలు ఇస్తారు, మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు.

సైకిల్ 90 కిలోమీటర్లు. నేను బ్యారేజీ దాటి, ఉండవల్లి మీదుగా కరకట్ట రోడ్డున అమరావతి దాకా తొక్కి అలవాటు చేసుకున్నాను. పోటీ రోజు పులిహోర ముద్దలు చేసి చొక్కా వెనక జేబులో పెట్టుకున్నాను. వేరుశనగ గుళ్లు ఏరేయాలని మూడో ముద్ద గొంతుకు అడ్డం పడ్డాక గానీ తట్టలేదు.

పరుగు 21.1 కిలోమీటర్లు. బెజవాడ ఎండలో పుట్టి పెరిగిన నాకు గోవా ఎండ ఒక లెక్కా అనుకున్నాను. అక్కడ చంపేది ఎండ కాదు, ఉక్క. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమగాలిలో అది కారిపోతుంది తప్ప ఆరదు. నల్లటోపీ అంచున ఉప్పు తెల్లగీతలై పేరుకుంది. నేనేమో వట్టి నీళ్లే తాగుతూ పోయాను. చివరి ఆరు కిలోమీటర్లు నడకే. వట్టి నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రమాదం కూడా. ఉప్పు కలిసిన పానీయం వెంట ఉంచుకోండి, అదీ ఇక్కడ తాగి అలవాటైనదే.

ఇంట్లోవాళ్లను తప్పకుండా తీసుకెళ్లండి. కానీ చేతికి ఏమీ అందించవద్దని ముందే చెప్పండి. బయటివాళ్ల సాయం తీసుకుంటే పోటీ నుంచి తప్పించవచ్చు. మా ఆయన దారి పక్కన మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు. నేను వద్దని తల ఊపుతూ దాటిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయనే తాగేస్తున్నారు.