పిల్లలు పడుకున్నాక మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారు?

అడిగిన ప్రశ్న ఇది: "ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప. లోపలే పడకలు, వంట చోటు ఉండే మోటార్‌హోమ్ బండి కొందామనుకుంటున్నాం. వెనక పెద్ద మంచం ఉన్న లేఅవుట్ తీసుకుని పిల్లలకి రాత్రిపూట బల్ల దించి పక్క వేసుకోవచ్చా, లేక బంక్ బెడ్లు ఉన్నదే చూసుకోవాలా?"

బంక్ బెడ్లే, అంటే ఒకదానిపై ఒకటి బిగించిన పడకలు. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. తీరిక ఉంటే మిగతాది కూడా వినండి. మీరు చేద్దామనుకుంటున్న పనే మేం చేసి, రెండేళ్ళు అనుభవించి, నష్టానికి అమ్ముకున్నాం.

మా మొదటి బండిలో వెనక ఐలాండ్ బెడ్. అంటే రెండువైపుల నుంచీ దిగే వీలున్న పెద్ద మంచం. ముందు డ్రైవర్ నెత్తిన ఒక పడక. మధ్యలో బల్ల, దాని చుట్టూ సీట్లు, ఎదురుగా చిన్న సోఫా. రాత్రికి బల్ల కిందికి దించి మెత్తలు పరిస్తే అదీ మంచమే. కాగితం మీద ఆరుగురు పడుకోవచ్చు. మేం నలుగురమే కదా, ఇంకా ఇద్దరికి చోటు మిగులుతుందని మురిసిపోయాం కూడా. మా బాబు పైన, మా పాప బల్ల మంచం మీద, మేం వెనక. చక్కగా కుదిరిందనుకున్నాం.

మూడో రాత్రికి తెలిసొచ్చింది.

ఆ రోజంతా వాన. రేకు మీద గులకరాళ్ళు పోస్తున్నట్టు ఒకటే మోత. పిల్లలు బయట కాలు పెట్టలేదు. మా వాడు మధ్యాహ్నం నుంచి బల్ల మీద రెండొందల ముక్కల జిగ్సా పేరుస్తున్నాడు, సగం దాటాడు. ఏడున్నరకి పాపకి కళ్ళు మూతలు పడుతున్నాయి. దాన్ని పడుకోబెట్టాలంటే బల్ల దించాలి. బల్ల దించాలంటే జిగ్సా తియ్యాలి. "ఇంకొక్క అరగంటమ్మా" అని వీడు, నిద్రకి ఆగలేక అది, ఇద్దరూ ఒకేసారి ఏడుపు. చివరికి జిగ్సా కిందికి అట్ట ఒకటి జొనిపి, పెళ్ళిపల్లకీ మోసినట్టు ఇద్దరం మోసుకెళ్ళి డ్రైవర్ సీట్లో పెట్టాం.

ఇక మంచం. బల్ల కాలు మడిచి, అంచు పట్టాలోంచి లేపి, కింది పట్టాలోకి దించాలి. పైన ఐదు మెత్తలు. అందులో ఒకటి మూడు మూలలది, అది ఏ మూలకి పోతుందో ఏ రోజుకారోజు కొత్తగా కనిపెట్టాల్సిందే. వీటన్నిటికంటే ముందు ఇంకో పని ఉంది, అది మాకు ఎవరూ చెప్పలేదు. పాప చైల్డ్ సీటు బిగించి ఉండేది ఆ బల్ల సీటుకే. రోజూ రాత్రి దాన్ని ఊడదీసి ఎక్కడో పడెయ్యాలి, పొద్దున బెల్టు లాగి లాగి మళ్ళీ బిగించాలి. నిద్రమత్తులో ఏదో ఒక రోజు సరిగ్గా బిగించం. ఆ ఒక్క కారణం చాలు ఆ లేఅవుట్ వద్దనడానికి. ఆ రాత్రి మా ఆయన చూసుకోకుండా చైల్డ్ సీటు తీసుకెళ్ళి జిగ్సా మీదే పెట్టాడు. దాని సంగతి వదిలేయండి.

పాప పడుకుంది. టైము ఎనిమిదిన్నర. ఇప్పుడు మేం ఎక్కడ కూర్చోవాలి?

మంచం గోడ నుంచి గోడ దాకా పరుచుకుంది. ముందు సీట్లు వెనక్కి తిప్పుకునేవే, కానీ మంచం అడ్డు, తిరగవు. వానలో బయటికి పోలేం. నీళ్ళు కాచుకుందామంటే పొయ్యి పాప తలకి అడుగున్నర దూరంలో ఉంది. వెనక మంచం మీద కూర్చోవచ్చుగా అంటారేమో. కూర్చున్నాం. పైన అల్మరాల అంచు తలకి తగులుతుంటే, దీపం చిన్నది పెట్టుకుని, గుసగుసలాడుకుంటూ తొమ్మిదికే పడుకున్నాం. సెలవు మీద వచ్చిన ఇద్దరు పెద్దమనుషులం!

ముందుంది ముసళ్ళ పండగ. రెండింటికి పైనుంచి "అమ్మా, బాత్రూం" అని కేక. నిచ్చెన నిలబెట్టాల్సిన చోట పాప మంచం ఉంది కాబట్టి దాన్ని మెత్త మీదే ఆనించాం. వాడు చీకట్లో దిగుతుంటే నిచ్చెన మెత్తలోకి దిగబడి ఒరిగింది, వాడి పాదం సూటిగా చెల్లెలి కాలి ఎముక మీద పడింది. దాని అరుపుకి పక్క బండిలో దీపం వెలిగింది. వాణ్ణి ఎత్తుకుని టాయిలెట్‌కి తీసుకెళ్తే అక్కడ ఎర్ర లైటు. క్యాసెట్, అంటే టాయిలెట్ కింద మురికి చేరే డబ్బా, నిండిపోయింది. ఈ క్యాసెట్లు ఎక్కువగా 17 నుంచి 20 లీటర్లవి, నలుగురు వాడితే రెండు మూడు రోజులే. మా ఆయన ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఆ డబ్బా, నోట్లో టార్చి పట్టుకుని వానలో వెళ్ళడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. తప్పు నాదే, సాయంత్రం చూసుకోవాల్సింది. ఆ మాట ఆయనతో ఒప్పుకోలేదు లెండి.

అందుకే చెప్తున్నా, మంచాలు లెక్కపెట్టడం మానేయండి. బ్రోచర్‌లో ఆరు పడకలన్నారా, ఎనిమిదన్నారా అన్నది కాదు. పిల్లలు నిద్రపోయాక, బయట వానో చలో ఉన్నప్పుడు, మీరిద్దరూ నడుం ఆనించి, దీపం వేసుకుని, మామూలు గొంతుతో మాట్లాడుకునే చోటు ఎక్కడుంది? ఆ చోటు ఎవరి మంచమూ కాకూడదు. ఇదొక్కటి తేల్చుకుంటే సగం బండ్లు వాటంతటవే జాబితాలోంచి పోతాయి.

ఇప్పుడు మా దగ్గరున్న బండి చూడ్డానికి అంత అందంగా ఉండదు. వెనక అడ్డంగా ఒకదానిపై ఒకటి రెండు బంకులు, వాటికి తెర. తర్వాత బాత్రూం, వంట చోటు. ముందు బల్ల. డ్రైవర్ నెత్తి మీది పడక మాది. ఎనిమిదిన్నరకి వెనక తెర లాగేస్తాం, మిగతా ఇల్లంతా మాది. బల్ల కదలదు. చైల్డ్ సీటు కదలదు. జిగ్సా వారం రోజులైనా అక్కడే ఉంటుంది. మా పక్క పైన ఎప్పుడూ పరిచే ఉంటుంది, ఎక్కి పడుకోవడమే.

పెద్దవాళ్ళు పైకి ఎక్కడమేమిటని మా అత్తగారు నొచ్చుకున్నారు. ఎక్కాలి మరి. పిల్లలకి మంచి మంచం ఇవ్వడం త్యాగమేం కాదు, మన సాయంత్రాన్ని మనం కొనుక్కోవడం. నిజమే, పైన లేచి కూర్చోడానికి ఎత్తు చాలదు, మా ఆయన తల కొట్టుకోని నెల లేదు. మోకాళ్ళ నొప్పులుంటే సీలింగు నుంచి దించుకునే మంచం ఉన్న బండి చూడండి. కాకపోతే అది దించాక బయటి తలుపుకి అడ్డం వస్తుందేమో అక్కడే దించి చూడండి. కొన్నిటికి వస్తుంది. పాత బండి అయితే, డ్రైవర్ క్యాబిన్ పైకి పొడుచుకొచ్చిన ఆ ముక్కు అతుకుల్లోంచి నీళ్ళు దిగడం మామూలు జబ్బు. లోపల మూలల్లో బొటనవేలితో నొక్కండి. మెత్తగా తగిలినా, ముక్కిపోయిన వాసన వచ్చినా తిరిగి చూడకుండా వచ్చేయండి.

బంకుల విషయంలో మీ పిల్లల వయసు సరిగ్గా సరిపోయింది. ఆరేళ్ళ లోపు పిల్లల్ని పై బంక్‌లో పడుకోబెట్టకూడదు, కాబట్టి బాబు పైన, పాప కింద. పైదానికి అడ్డుకమ్మీ, వలా రెండూ ఉన్నాయా, ఎంత బరువు మోస్తుందని రాసుంది, చూసుకోండి. పొడవు టేపుతో కొలవండి. బండి బయటి వెడల్పు 2.3 మీటర్లుంటే అడ్డంగా వేసిన బంక్‌కి 2 మీటర్లు దాటి దొరుకుతుంది, పిల్లలు ఎదిగినా సరిపోతుంది. గోడ వెంట నిలువుగా బిగించినవి కొన్ని ఇంతకంటే బాగా పొట్టి. ఈరోజు ఏడేళ్ళ వాడికి చాలు అనిపిస్తుంది, ఐదేళ్ళలో కాళ్ళు ముడుచుకుంటాడు.

కింది బంక్ పైకి మడిస్తే సైకిళ్ళు పట్టే గ్యారేజీ అవుతుందని గొప్పగా చూపిస్తారు. అవుతుంది, పగటిపూట. రాత్రికి అదే మీ పాప మంచం. అప్పుడు సైకిళ్ళు వానలో. ఒకే చోటుని రెండుసార్లు అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదు. బల్లా అదే, మంచమూ అదే. స్నానాల గదీ అదే, బట్టలు ఆరేసే చోటూ అదే.

పోనీ సైకిళ్ళు వెనక ర్యాక్‌కి తగిలిద్దామంటే దానికో లెక్కుంది. ముందు వెనక చక్రాల మధ్య 4 మీటర్లు, ర్యాక్ వెనక చక్రాలకి 2 మీటర్ల అవతల అనుకోండి. దానికి 60 కిలోలు తగిలిస్తే వెనక ఇరుసు మీద పడేది 90 కిలోలు, ముందు ఇరుసు మీద 30 తగ్గుతుంది. ఉయ్యాల బల్లలాగే. ముందు చక్రాలతో నడిచే బండయితే తడి గడ్డి మీద అవి ఉత్తినే తిరుగుతాయి. బంక్ లేఅవుట్లలో సాధారణంగా వెనక భాగం పొడుగు, పిల్లల సామాను చేరేదీ అక్కడే, కాబట్టి ఈ బాధ మనకే ఎక్కువ. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడిపే బండ్లకి చాలావరకు 3,500 కిలోలు హద్దు. అందులో బండి బరువే ఎక్కువ భాగం తినేస్తుంది. 100 లీటర్ల నీళ్ళంటే 100 కిలోలు. మిగిలినదాంట్లోనే నలుగురు మనుషులు, బట్టలు, బొమ్మలు. బండి నచ్చాక చూసుకుందామనుకోకండి, ఇంకా ఎన్ని కిలోలు మోస్తుందని మొదటే అడగండి. నేను అడిగితే సేల్స్ అబ్బాయి కర్టెన్ల రంగు చూపించాడు.

సీట్ బెల్టుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఆరు పడకలున్నాయంటే ఆరు బెల్టులున్నాయని కాదు. మేం చూసిన ఒకదానికి పడకలు ఆరు, బెల్టులు నాలుగు. ఆ నాలుగులో రెండు వెనక్కి తిరిగిన సీట్లకి. పక్కకి తిరిగిన సోఫా మీద గానీ, వెనక్కి తిరిగిన సీటు మీద గానీ చైల్డ్ సీటు బిగించకూడదు. ముందుకి చూసే సీటు, మూడు చోట్ల పట్టే బెల్టు కావాలి. ఐసోఫిక్స్, అంటే చైల్డ్ సీటుని బెల్టు లేకుండా నేరుగా తగిలించే ఇనుప కొక్కేలు, ఉంటే ఇంకా మంచిది. మీ చైల్డ్ సీటుకి నేలకి ఆనే కాలుంటే, అది ఆనే చోట నేల కింద సామాను పెట్టే అర ఉందేమో తట్టి చూడండి. పైన ఉత్త మూత మాత్రమే ఉంటే ఆ కాలు ఉన్నా లేనట్టే. బండి కదులుతున్నంతసేపు పిల్లలు బంకుల మీద ఉండకూడదు, ఎంత గోల పెట్టినా సరే. "ఇల్లే కదా, పడుకోనీ" అని మా మరిది అన్నప్పుడు కొట్టినంత పని చేశాను.

పక్కలకి జరిగి గది పెద్దదయ్యే స్లైడౌట్ ఉన్న బండ్లయితే, అది లోపలికి లాగి ఉన్నప్పుడు బంకుల దాకా, టాయిలెట్ దాకా నడవగలరా అన్నది చూడండి. దారిలో ఆగి పాపని బాత్రూంకి తీసుకెళ్ళడానికి గది మొత్తం బయటికి తెరుస్తూ కూర్చోలేరు.

ఇన్ని చెప్పినా షోరూంలో అడుగు పెట్టగానే వెనక ఆ పెద్ద మంచం, దిండ్లు, దాచిన దీపాలు చూసి మనసు జారుతుంది. నాకూ జారింది. అందుకని రెండోసారి కొనేటప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళి బండిలో ఉత్తుత్తి రాత్రి ఒకటి ఆడాం. చెప్పులు విప్పి, తెరలన్నీ మూసి, పక్కలు పరిచి, పిల్లల్ని పడుకోబెట్టి, మేమిద్దరం ఎక్కడ కూర్చుంటామో కూర్చున్నాం. తర్వాత వాణ్ణి పైనుంచి దిగి టాయిలెట్‌కి వెళ్ళి రమ్మన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది. సేల్స్ అతను బయట నిలబడి గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు మూడు బండ్లలో ఇలా ఆడాం. మొదటి రెండిట్లో వాడు దిగుతూ చెల్లెల్ని తొక్కాడు.