అన్యభాషల మీద పిహెచ్‌.డి చేస్తానంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఎం.ఏ హిస్టరీ 64 శాతంతో పూర్తిచేశాను. నాన్నగారు పెంతెకొస్తు సంఘంలో పాస్టరు. పరిశుద్ధాత్మ ప్రేరణతో, తాము నేర్వని "అన్యభాషల్లో" మాట్లాడటానికి ప్రాధాన్యమిచ్చే పెంతెకొస్తు, కరిష్మాటిక్ క్రైస్తవ ఉద్యమాల మీద పరిశోధన చేయాలని నా కోరిక. ఆ పేరుతో మన దగ్గర కోర్సే కనబడటం లేదు. విదేశాలకు వెళ్ళక తప్పదా? నాన్నగారేమో "ఆత్మ సంగతులు యూనివర్సిటీలో తేలేవి కావు, బి.ఇడి చెయ్యి" అంటున్నారు.

జవాబు: ముందు కోర్సు పేరు కోసం వెతకడం ఆపండమ్మా. పెంతెకొస్తు అనేది మీ అంశం. దానికి విడిగా డిపార్ట్‌మెంటు ఉండే చోట్లు ప్రపంచంలోనే తక్కువ. చరిత్ర, సోషియాలజీ, థియాలజీ (దైవశాస్త్రం), వీటిలో ఏదో ఒక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాల్సిందే. ఏ గుమ్మమన్నదే మీరిప్పుడు తేల్చుకోవాలి.

థియాలజీ అయితే సెరంపూర్ సెనేట్ (చాలా థియాలజీ కాలేజీలకు డిగ్రీలిచ్చే సంస్థ) పద్ధతి ఉంది. హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ దాని కిందివే. కానీ అక్కడ థియాలజీ పీజీ ఎం.టి.హెచ్‌లో చేరాలంటే బి.డి (థియాలజీలో మొదటి డిగ్రీ) ఉండాలి. డిగ్రీ అయినవాళ్ళకి కూడా బి.డి నాలుగేళ్ళు. సంఘ పరిచర్యో, బైబిలు కాలేజీలో బోధనో మీ గమ్యమైతే ఆ నాలుగేళ్ళూ వృథా కావు. చరిత్రకారిణి కావాలనుకుంటే మాత్రం అంత చుట్టు తిరగనక్కర్లేదు.

మీ ఎం.ఏ మీ చేతిలోనే ఉంది కాబట్టి నేను చరిత్ర వైపే మొగ్గుతాను. యు.జి.సి నెట్ (లెక్చరర్ అర్హతకూ, ఫెలోషిప్పుకూ పెట్టే జాతీయ పరీక్ష) ఏటా జూన్, డిసెంబరు విడతల్లో జరుగుతుంది. 2024 నుంచి ఆ స్కోరు పిహెచ్‌.డి ప్రవేశాలకూ పనికొస్తోంది. జె.ఆర్‌.ఎఫ్ (పరిశోధకులకిచ్చే ఫెలోషిప్పు) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. నాన్నగారి దగ్గర చేయి చాచే పని ఉండదు. మద్రాసు యూనివర్సిటీలో క్రిస్టియన్ స్టడీస్ విభాగం ఉంది, అదీ చూడండి. హిస్టరీ, సోషియాలజీ విభాగాల్లోనైతే మతం మీద ఇదివరకు పని చేయించిన గైడ్ ఎవరో వెతకండి. భవనం పేరు కన్నా గైడ్ పేరు ముఖ్యం.

ఇక విదేశాల మాట. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ ఈ అంశానికి పుట్టిల్లు లాంటిది. 1971లో వాల్టర్ హోలెన్‌వెగర్ అనే స్విస్ పండితుడు అక్కడ ప్రొఫెసర్‌గా చేరాడు. తనూ ఒకప్పుడు పెంతెకొస్తు పాస్టరే. ఈ ఉద్యమాన్ని అర్థం చేసుకోవాలంటే రాసిపెట్టుకున్న సిద్ధాంతాలు చాలవని, నోటి సాక్ష్యం, పాట, కల, దర్శనం చూడాలని ఆయన వాదన. మన తెలుగువాడు, లూథరన్ పాస్టరు, చిత్రకారుడు కూడా అయిన పి. సాల్మన్‌రాజ్ అక్కడే పరిశోధన చేశారు. అంశం ఏమిటనుకున్నారు? 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషను! అది 1986లో పుస్తకంగా వచ్చింది. ఏటా జనవరి 27, 28, 29 తేదీల్లో గుంటూరు దగ్గర జరిగే మహాసభల వెనకున్న కథ ఇంగ్లండులో థీసిస్ అయిందన్నమాట. నాన్నగారికి ఈ సంగతి చెప్పి చూడండి.

జర్మనీలో హైడెల్‌బర్గ్‌ది ఇంకో దారి. అక్కడి మైకేల్ బెర్గుండర్ దక్షిణ భారత పెంతెకొస్తు ఉద్యమం మీద రాసిన పుస్తకం 2008లో ఇంగ్లీషులో వచ్చింది. ఏ గైడ్‌కి ఉత్తరం రాసేముందైనా అది చదవాల్సిందే. డబ్బు కోసం కామన్‌వెల్త్ స్కాలర్‌షిప్పులు, జర్మనీలో చదువుకిచ్చే డి.ఏ.ఏ.డి స్కాలర్‌షిప్పులు చూడండి. సొంత ఖర్చుతో, పొలం అమ్మి మాత్రం వెళ్ళొద్దు. ఈ చదువుకి ఐ.టి జీతాలు రావు. కాలేజీ లెక్చరర్, సెమినరీ అధ్యాపకత్వం, పత్రభాండాగారాల్లో పని, ఉద్యోగాల జాబితా ఇంచుమించు అంతే. నెట్ ఉంటే డిగ్రీ కాలేజీ దారి తెరిచే ఉంటుంది గనుక బి.ఇడి కన్నా తక్కువ భద్రత ఏమీ కాదు.

అసలు చిక్కు అంశం దగ్గర వస్తుంది. "ఆంధ్రలో పెంతెకొస్తు ఉద్యమ చరిత్ర" అని రాసి పంపితే ఏ గైడూ జవాబివ్వడు. అది ముప్ఫై థీసిస్‌ల పని. చిన్నది పట్టుకోండి. ఒకే మాసపత్రికలో ఇరవయ్యేళ్ళపాటు అచ్చైన, ప్రార్థనతో జబ్బు నయమైందని చెప్పుకున్న స్వస్థత సాక్ష్యాలు. సంఘంలో "అమ్మగారు" అనిపించుకునే పాస్టరు భార్య చేతిలో నిజంగా ఉండే అధికారం ఎంత? కోనసీమ నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఫోన్లో నడుపుకునే ఉపవాస ప్రార్థనలు. ఇవన్నీ తెలుగు చదివి, ఆ యాస విని అర్థం చేసుకోగలవాళ్ళే చేయాలి. బర్మింగ్‌హామ్‌లో మీకున్న బలం ఇంగ్లీషు కాదు, ఇదే.

ఒక జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే. ఆదివారం ఏ పల్లెకి వెళ్ళి చూసినా ఆ అంకె మీకు వింతగానే ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్‌.సి హోదా లేదు, క్రైస్తవంలోకి మారిన ఎస్‌.సిలను రాష్ట్రంలో బి.సి-సి కింద పెడతారు. అందుకని చాలామంది కాగితం మీద హిందువులు, గుడిలో క్రైస్తవులు. మీ థీసిస్‌లో ఎవరి పేరూ, ఏ ఊరి పేరూ గుర్తుపట్టేలా ఉండకూడదు. మీ అధ్యాయం చూపించి ఎవరి కుల సర్టిఫికెట్టునో రద్దు చేయించే పరిస్థితి రాకూడదు.

నాన్నగారి భయం కొట్టిపారేసేది కాదు. ఆయన అడిగేది, "నువ్వు పరిశుద్ధాత్మ అభిషేకాన్ని అబద్ధమని రాస్తావా?" అని. చరిత్ర విభాగంలో అద్భుతం జరిగిందా లేదా అన్న తీర్పు మిమ్మల్ని ఎవరూ అడగరు. జరిగిందని నమ్మినవాళ్ళ బతుకు ఆ తర్వాత ఎలా మారిందన్నదే అక్కడ ప్రశ్న. అది ఆయనకి మీకన్నా బాగా తెలుసు. ఇంకో మాట కూడా చెప్పండి: హోటల్లో శాలువా కప్పి, డబ్బు తీసుకుని ఇచ్చే "డాక్టరేట్ల" బాపతు కాదు ఇది. ఆ రకం చూసే పాస్టర్లు చాలామంది ఈ మాటంటేనే చిరాకు పడతారు, వాళ్ళ తప్పు లేదు.

ఈ వారం దరఖాస్తులేమీ పెట్టకండి. మీ సంఘం పాత బాప్తిస్మం రిజిస్టర్లు, కూటాల కరపత్రాలు, చేతిరాత పాటల పుస్తకాలు ఏ ట్రంకుపెట్టెలో ఉన్నాయో నాన్నగారిని అడిగి, ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో కాగితం వెనక సంగతి చెప్పించుకుని రాసుకోండి. చెదలు పట్టినవి ముందు ఫోటో తీయండి.