బట్టీ పట్టిన పిల్లలు ఎదురు ప్రశ్నకు ఆగిపోతుంటే

మేడమ్ గారూ, కందుకూరులో మీ డిగ్రీ పిల్లలు డిబేట్ పోటీల్లో ప్రసంగం గడగడా అప్పజెబుతారు, అవతలి జట్టు ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం నోరు పెగలదు అన్నారు. తెలివి తక్కువై కాదండీ. ప్రసంగం మొత్తం రాసి చేతికివ్వడమే కారణం. ముందు ఆ కాగితం తీసేయండి. నాలుగు ముక్కలు రాసుకున్న చీటీ చాలు.

తర్వాత కొన్నాళ్లు ఎదురు వాదన ఒక్కటే సాధన చేయించండి. మన తీరం విషయమే ఇవ్వండి: 'రొయ్యల చెరువులు ఊరికి మేలే'. ఒకరు "ఉపాధి వస్తుంది" అంటారు. రెండోవారు వెంటనే తమ మాట ఎత్తుకోకూడదు. ముందు "ఉపాధి వస్తుందని మీరన్నారు" అని అవతలి మాటను ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. ఆ పైన "పక్క పొలంలోకి ఉప్పునీరు దిగితే వరి కూలీకి పని పోతుంది, ఆ లెక్క మీరు కట్టలేదు" అని కారణం చూపాలి. ఈ తిరిగి చెప్పడంలోనే కిటుకంతా ఉంది. ఆ కాస్త వ్యవధిలో టెన్షన్ తగ్గి బుర్ర పనిచేస్తుంది. మర్నాడు పక్షాలు మార్చండి.

బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతి (ప్రభుత్వం వైపు, ప్రతిపక్షం వైపు రెండేసి జట్లు వాదించే డిబేట్) పోటీలకు పంపేట్లయితే, అంశం ఇచ్చాక తయారీకి 15 నిమిషాలే, ప్రసంగం 7 నిమిషాలు. మొదటి, చివరి నిమిషాలు తప్ప మధ్యలో అవతలివాళ్లు ప్రశ్నకు లేవొచ్చు. అందుకే క్లాసులో కూడా మధ్యలో ఆపి అడగండి. ఇంగ్లీషు గురించి బెంగ వద్దు, మొదట మన యాసలోనే వాదించనివ్వండి. మెల్లగా మాట్లాడే అమ్మాయిల గొంతు తొక్కేసేవాళ్లను మాత్రం మొదటి రోజే ఆపండి, ఇది గట్టిగా చెప్తున్నా.